అడిగే బోరు

వీపనగండ్ల దాటాక గుట్టల వైపు ఒక మట్టిదారి పోతుంది. ఆ దారి పక్కన చేనులో ఒక ఎండిన బోరు ఉంది. దాని పేరు అడిగే బోరు. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. తప్పక పోవాల్సి వస్తే సెల్లులో పాట పెద్దగా పెట్టుకుని, పక్కకు చూడకుండా దాటుతారు. ఎందుకంటే ఆ బోరు... మనిషిని అడుగుతుంది.

ఏమని?

"తిన్నవా?" అని.

నవ్వకండి. ఊళ్లో సతీష్ అనే కుర్రాడు కూడా మొదట నవ్వినవాడే. బీరు పోసిన ధైర్యంతో ఒక రాత్రి ఆ బోరు పైపు మీదే కూర్చుని ఫోన్ మాట్లాడాడట. కిందనుంచి ఆడగొంతు మెల్లగా "తిన్నవా" అనగానే బండి, చెప్పులు, ధైర్యం మూడూ అక్కడే వదిలేసి ఊళ్లో తేలాడు. బండి, చెప్పులు మర్నాడు తెచ్చుకున్నాడు.

ఆకలితో చచ్చిన ఆడది ఎవరో అందులో ఉందని ఊరి తీర్మానం. తిన్నానంటే మనల్ని తింటుందట. తినలేదంటే తనతో లోపలికి తీసుకుపోయి తిండి పెడుతుందట. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకే పెద్దలు ఒక్క మాట చెప్పారు: రాత్రిపూట ఎరగని పిలుపుకు పలకొద్దు. ఆ మాట మీద ఊరంతా గట్టిగా నిలబడింది. ఎవరూ పలకలేదు.

ఆ చేను ఇప్పుడు బాలకృష్ణ కౌలుకు చేస్తున్నాడు. పల్లి పీకే అదను వచ్చింది. కూలీలు మాత్రం ఒక్కరూ రావడం లేదు. పొద్దుండగానే ఇంటికి పంపిస్తానన్నా రామంటున్నారు. ఇంకొన్నాళ్లు పోతే కాయ భూమిలోనే మొలకెత్తుతుంది. చివరికి, "తెల్లారి ఆ బోరును రాళ్లేసి పూడుస్త, సిమెంటు పోస్త, రండి" అని వాళ్లకు మాటిచ్చాడు. మాటైతే ఇచ్చాడు గానీ రైతు ప్రాణం ఊరుకోదు గదా. పూడ్చేముందు అందులో చుక్క నీళ్లన్నా ఉన్నాయేమో చూపించుకుందామని దేవరాజును పిలిపించాడు.

దేవరాజుది గోపాల్‌పేట. చాలా ఏళ్లు ఎడారి దేశంలో చమురు బావుల దగ్గర పనిచేశాడు. పొడుగాటి ఇనుప గొట్టాన్ని కేబుల్‌కు కట్టి బావిలోకి దించి, ఏ లోతులో ఏ రాయి ఉందో, ఎక్కడ చమురుందో, ఎక్కడ ఉత్త ఉప్పునీళ్లున్నాయో కనుక్కునే పని. దాన్ని లాగింగ్ అంటారు. గొట్టాల్లో రకాలున్నాయి. ఒకటి రాతిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూస్తుంది. ఒకటి ఇనుప వేళ్లు చాచి బావి గోడను తడుముతుంది. ఇంకొకటి ఏమీ చేయదు, ఊరికే వింటుంది. గోడ వెనక ఎక్కడ గ్యాసు కారుతోందో ఆ సన్నని బుసను బట్టి పట్టిస్తుంది. దేవరాజు దానికి చెవి అని పేరు పెట్టుకున్నాడు.

భార్య రజిత పోయాక అతను దేశం తిరిగొచ్చాడు. పాత పరికరాలు కొని, జీపు వెనక బిగించుకుని రైతుల బోర్లు చూసిపెడుతున్నాడు. రాత్రి ఇంటికి పోతే తాళం తనే తీయాలి, లైటు తనే వేయాలి. ఒంటరిగా ఉండటం అలవాటైపోయిందని అడిగినవాళ్లతో అంటాడు. అబద్ధం. అది అలవాటయ్యేది కాదు.

"పగలే సూడరాదా అన్నా?" అన్నాడు బాలకృష్ణ, చేను గట్టు దిగకుండానే.

"పగలు సుట్టుముట్టు మోటార్లు నడుస్తయ్. ఆ మోతల నాకేం ఇనరాదు. అన్నీ బందైనంకనే సూడాలె."

"అయితే నేను రోడ్డు మీద ఉంట. ఏమన్నుంటే ఫోన్ కొట్టు."

"దెయ్యమొస్తే ఫోన్ కొట్టనిస్తదా?"

బాలకృష్ణ బండెక్కాడు. బండి చప్పుడు రోడ్డు దాకా పోయి, రోడ్డు మీద ఆగకుండా ఊరి వైపు సాగిపోయింది.

దేవరాజు ముందు వేళ్ల గొట్టాన్ని దించాడు. అడుగున అది పొడిరాతికి తగిలి కేబుల్ సడలింది. నీళ్లు లేవు. పైకి లాగుతుంటే సగం దారిలో వేళ్లు ఒక్కసారిగా వెడల్పుగా తెరుచుకున్నాయి. గోడలో పగులు... పెద్ద పగులు. ఒకప్పుడు నీళ్లు నడిచిన దారి, ఇప్పుడు ఉత్త గాలి. అయినా అందులో ఎక్కడన్నా సన్నని ధార చప్పుడు వినబడితే రైతుకు ఒక ఆశ.

చెవిని దించాడు.

దానికో పద్ధతి ఉంది. కొంచెం దించాలి, ఆపాలి. కేబుల్ ఊగుడు తగ్గేదాకా తనూ కదలకూడదు. అప్పుడు వినాలి. చప్పుడు పెరుగుతుంటే దాని దగ్గరికి పోతున్నట్టు. తగ్గితే దాటిపోయినట్టు.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. దించాడు. ఆపాడు... ఏమీ లేదు.

మళ్లీ దించాడు. ఆపాడు... సన్నగా గాలి.

మళ్లీ...

"...వా?"

అతని చేయి ఆగిపోయింది. గాలే అనుకున్నాడు. గాలే కావాలని కూడా అనుకున్నాడు. ఇంకొంచెం దించాడు. గొట్టం పగులు ఎదుటికి వచ్చింది. ఊపిరి బిగబట్టాడు.

"తిన్నవా?"

ఆడమనిషి. ముసలి గొంతు. చెవిలో నోరు పెట్టి అడిగినట్టే ఉంది.

చుట్టూ చూశాడు. చేను, చీకటి, జీపు... ఇంకేమీ లేదు. కాళ్లు పారిపోదామన్నాయి. చేతులు మాత్రం తమకొచ్చిన పనే చేశాయి. తెలియని చప్పుడు వినబడితే గొట్టాన్ని ఇంకా కిందికి పంపి చూడాలి. పంపాడు.

"తిన్నవా..."

ఈసారి చిన్నగా, దూరంగా.

భయంలోనే అతనికి ఒక సంగతి తట్టింది. అడుగున దెయ్యముంటే కిందికి పోయేకొద్దీ గొంతు పెరగాలి. ఇది తగ్గుతోంది. అంటే కిందనుంచి రావడం లేదు. పక్కనుంచి వస్తోంది... ఆ పగులులోంచి.

గొట్టాన్ని మళ్లీ పైకి, పగులు ఎదుటికి లాగి నిలిపాడు.

"ఇయ్యాల గూడ పలకవా?" అంటోంది గొంతు. "రొట్టె చేసిన. నాకు ముద్ద పోతలేదు. నువ్వు తిన్ననంటే... నేను తింట."

దేవరాజు ఎడారిలో ఉన్నన్నాళ్లూ రజిత రోజూ రాత్రి ఫోన్‌లో అడిగే మొదటి మాట కూడా 'తిన్నవా?' అనే. అలసిపోయి ఏమీ తినకుండా పడుకున్న రోజున కూడా తిన్నాననే చెప్పేవాడు. ఆమె పోయాక ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. దెయ్యమైతే ఏంది, మనిషైతే ఏంది? అడిగింది గదా అనుకున్నాడు.

హెడ్‌ఫోన్ తీసేశాడు. మోకాళ్ల మీద కూర్చుని, బోరు పైపుకు నోరు ఆనించాడు.

"తిన్న."

అంతే అన్నాడు. అన్నాక గానీ తానేం చేశాడో తెలియలేదు. మళ్లీ వినే ధైర్యం చాలలేదు. కేబుల్ గబగబా చుట్టేసి, జీపులో తలుపులు బిగించుకుని, ఆ పగులు అవతలి కొస ఎక్కడ తేలుతుందా అని ఆలోచిస్తూ తెల్లారేదాకా కూర్చున్నాడు.

పొద్దున్నే బాలకృష్ణ ట్రాక్టర్ నిండా రాళ్లతో వచ్చాడు.

"నీళ్లున్నయా?"

"లేవు."

"అయితే పూడుస్త. కూలోళ్లు దారిల ఉన్నరు."

"జర ఆగు. ఈడ దగ్గర్ల ఇంకో ఎండిన బోరుందా? దాని కాడ ఆడమనిషి ఎవరన్న ఒక్కతే ఉంటదా?"

బాలకృష్ణ వింతగా చూశాడు. "గుట్ట పక్కకు మణెమ్మ ఉంటది. ఇస్రాయేలు పెండ్లాం. ఆయన సచ్చిపోయినంక గా చేన్లనే ఒక్కతే ఉంటది. ఎందుకు?"

"నేను పోయొస్త. అందాక ఒక్క రాయి గూడ ఎయ్యకు."

"కూలోళ్లు వచ్చిందాకనే ఆగుత. తర్వాత నా మాట పోతది అన్నా."

గుట్ట పక్కన చిన్న రేకుల ఇల్లు. వాకిట్లో బోరు. మోటారు లేదు. పైపు అంచు చేతులు ఆని ఆని నున్నబడింది. ముసలమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతోంది.

"ఎవరు బిడ్డా?"

ఆ గొంతు అతనికి తెలుసు. రాత్రంతా చెవిలో ఉన్నదే. "బోర్లు సూసేటోన్నమ్మా" అన్నాడు.

"ఈ బోర్ల నీళ్లు లేవులే. కూసో, రొట్టె తిను." ఆమె రొట్టె చేతికిచ్చింది. "నాకు గీ బోరు నీళ్లకు కాదు. మా ఆయనతోని మాట్లాడనీకి. మేం సచ్చినోళ్లను కాల్చం, పూడుస్తం గద బిడ్డా. మట్టిల ఉన్నోనితోని మట్టిలకెళ్లే మాట్లాడాలె."

దేవరాజుకు మొత్తం తెలిసిపోయింది. రెండు బోర్లు, నడుమ ఒక పగులు. దెయ్యం లేదు, పాడూ లేదు. ఒక ఒంటరి ముసలిది మొగుణ్ణి తిన్నావా అని అడిగితే ఊరంతా పారిపోయింది. ఇన్నేళ్లు ఒక్కరూ పలకలేదు. అతనికి సిగ్గు, జాలి, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

"నిన్న రాత్రి పలికిండు" అందామె మెల్లగా.

దేవరాజు తలెత్తాడు. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆ పలికింది నేనేనమ్మా... అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తిన్న అన్నడు. అని ఊకోలే బిడ్డా... జరసేపాగి, 'నువ్వు తిన్నవా మణెమ్మా' అని నన్నడిగిండు. అప్పుడు తిన్న. కడుపు నిండ తిన్న."

రొట్టె దేవరాజు చేతిలోనే ఉండిపోయింది.

రాత్రి అతనన్నది ఒక్క మాటే. ఆమె పేరు మణెమ్మ అని అతనికి తెలిసింది ఇందాకనే.

గుట్టవతల ట్రాక్టర్ స్టార్ట్ అయిన చప్పుడు. దేవరాజు గబుక్కున లేచి ఫోన్ చేశాడు.

"బాలకృష్ణా, పూడ్చకు."

"కూలోళ్లు వచ్చిన్రు అన్నా. నీళ్లు లేవంటివి గద? మరేముంది అండ్ల?"

భూమిలో ఏ లోతున ఏముందో చెప్పడమే దేవరాజు బతుకు. బోరు వైపు చూశాడు.

"తెల్వదు" అన్నాడు.