పాసింగ్ ప్లేస్‌లో మోకాలి మీద

గొర్రెకున్నపాటి బుద్ధి కారవాన్ లాగేవాడికి ఉండదని మా హైలాండ్స్ కొండల్లో అంటాం. అది గొర్రెని అవమానించడమే. హారన్ కొడితే అదైనా కదులుతుంది.

ఆ శనివారం ఎడిన్‌బరో కుర్రాడు రూరీ, బాబాయి కారవాన్‌ని కారు వెనక తగిలించుకుని, మార్సలీని పక్కన కూర్చోబెట్టుకుని మా వైపు బయల్దేరాడు. మంచం, పొయ్యి, పూల కర్టెన్లతో సహా చక్రాల మీదున్న ఇల్లది. రూరీ మనసులో ఉన్నది ఒక్కటే. ఎక్కడా లేనంత అందమైన చోటు చూసి, అక్కడ మోకాలు వంచి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని ఆ పిల్లని అడగాలి.

మార్సలీది ఇక్కడే. వాళ్ళ నాన్న టోర్మొడ్ మా ఊరి నుంచి రేవుకి బస్సు నడుపుతాడు.

"రూరీ, ఇంత డబ్బాని లాక్కుంటూ కొండరోడ్డెందుకు? పెద్దరోడ్డున పోదాం."

"పెద్దరోడ్డులో ఏముంటుంది, లారీలు తప్ప? ఈ దారికి ఫోన్‌లో అందరూ ఐదు స్టార్లు ఇచ్చారు."

"ఇచ్చినవాళ్ళలో ఒక్కడైనా కారవాన్‌తో వెళ్ళాడా?"

"ప్రేమించినవాడు ఎక్కడికైనా వెళ్తాడు."

"వెళ్తాడు సరే. రివర్స్ వచ్చా ప్రేమించినవాడికి?"

రూరీ పాట పెట్టాడు.

కొండ కనిపిస్తే చాలు బండి నెమ్మదించేవాడు. మావన్నీ కొండలే. వెనక గొర్రెల లారీ నడుపుతున్న హెక్టర్ మొదట హారన్ కొట్టాడు, తర్వాత తిట్టాడు, చివరికి విసుగొచ్చి ఆగి శాండ్‌విచ్ తిన్నాడు. ఆ నత్తనడకకి మార్సలీ నిద్రపోయింది.

అప్పుడు దొరికింది రూరీకి ఆ చోటు. పక్కనే సరస్సు, అవతల నీలం కొండ, సన్నగా తుంపర. రోడ్డు అక్కడ కాస్త వెడల్పై, తనకోసమే పరిచినట్టుంది.

ఒక్క బండే పట్టే మా రోడ్లకి అలాంటి వెడల్పులు అక్కడక్కడ వదులుతారు. ఎదురొచ్చిన బండికి దారివ్వడానికి. వాటిని పాసింగ్ ప్లేసులంటాం. అక్కడ బండి పెట్టి టీ కాచుకోవడమంటే చర్చిలో చేపలు వేయించుకోవడంతో సమానం.

మార్సలీ కళ్ళు తెరిచేసరికి బయట మడత టేబుల్, దాని మీద గళ్ళ గుడ్డ, టీ కెటిల్. తలుపు తీసి దిగగానే ఎదురుగా రూరీ ఒక మోకాలి మీద ఉన్నాడు.

"మార్సలీ, నువ్వు లేకపోతే నాకు..."

"ముందు లే. ఇది పాసింగ్ ప్లేస్."

"చాలా అందంగా ఉంది కదూ?"

అందం సంగతి తేలకముందే ముందు నుంచి బస్సు వచ్చింది, వెనక నుంచి శాండ్‌విచ్ ముగించిన హెక్టర్ వచ్చాడు. రెండు బండ్లూ కారవాన్ పక్కనే ముక్కూ ముక్కూ ఆనించి నిలబడ్డాయి. తప్పుకోవాల్సిన చోట టేబులేసి ఉంది.

బస్సులోంచి దిగినవాణ్ణి మార్సలీ ఇట్టే గుర్తుపట్టింది. నాన్న. మనిషి మంచివాడో కాదో రోడ్డు మీదే తెలిసిపోతుందనేవాడు ఆయన. రూరీ ఆయన కంట పడాల్సిన తీరు ఇది కాదు. ఇక్కడ చెడితే ఇంట్లో కుదరదని ఆమెకి తెలుసు.

"ఏం బాబూ, ఏమైనా పారేసుకున్నావా?" అన్నాడు టోర్మొడ్.

"లేదండీ. పెళ్ళి అడుగుతున్నాను."

"ఎవర్ని?"

"నన్నే నాన్నా," అంది మార్సలీ.

టోర్మొడ్ కూతురి వంక చూశాడు, టేబుల్ వంక చూశాడు. "ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

బస్సు కిటికీలోంచి ఇష్బెల్ మామ్మ తల బయట పెట్టింది. "అమ్మాయ్, ఊఁ అనో ఉఁహూఁ అనో తేల్చు. అవతల పడవ వెళ్ళిపోతోంది."

"నా గొర్రెలక్కూడా చెప్పు తల్లీ," అన్నాడు హెక్టర్.

రూరీ లేచి నిలబడ్డాడు. మొహం కందిపోయింది. "తప్పు నాదేనండీ. నాకు రివర్స్ కూడా రాదు. ఈమె కాదంటుందేమోనని భయం. కనీసం చోటైనా బాగుంటే ఔనంటుందేమోనని, రోజూ ఫోన్‌లో దారులు వెతికాను." అంటూనే కెటిల్ దించి, తడిసిన గుడ్డ మడిచి, టేబుల్ ముడిచి లోపల పెట్టాడు.

మార్సలీకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంత వెర్రివాణ్ణి వదులుకోవడం తనవల్ల కాదనిపించింది.

"మీ వీధి చివర బస్టాపులో అడిగినా ఔననేదాన్ని కదరా," అంది. "అమ్మకి నిన్ననే చెప్పేశాను, ఇతన్నే చేసుకుంటానని."

"నిన్ననే?" అన్నాడు టోర్మొడ్. "మరి నాకో?"

"నువ్వు బస్సులో ఉన్నావు నాన్నా."

మామ్మ పుణ్యమా అని ఆ మాట బస్సంతా పాకింది. హెక్టర్ గొణుక్కుంటూ కిందటి పాసింగ్ ప్లేస్ దాకా లారీని వెనక్కి తీశాడు. బస్సు కారవాన్ పక్కనుంచి జానెడు సందులో మెల్లగా జారింది. రూరీ కారవాన్ చివర నిలుచున్నాడు.

సరిగ్గా అతని ఎదుట బస్సు ఆగింది. టోర్మొడ్ అద్దం దించాడు.

"రేపు మా ఇంటికి భోజనానికి రా."

"వస్తానండీ. తప్పకుండా."

"బస్సులో రా," అన్నాడు టోర్మొడ్. "నేనే దింపుతాను."