ఎడమ చెవి అచ్చు

నాకు చాలామంది నచ్చరు. గొప్పగా చెప్పుకోవడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. మా బ్యాండ్‌లో డ్రమ్స్ వాడికి తాళం కంటే తన జుట్టు మీద శ్రద్ధ ఎక్కువ. కీబోర్డ్ వాడు తప్పు మీట నొక్కి కూడా కళ్ళు మూసుకుని తన్మయత్వం నటిస్తాడు. వెనక వరసలో నిలబడి కోరస్ పాడే నాకు అందరి తప్పులూ వినిపిస్తాయి. అందుకే వాళ్ళు నాకు జడ్జిగారని పేరు పెట్టారు. వెటకారానికే పెట్టారు గానీ ఆ పేరు నాకు నప్పిందనే అనుకునేవాణ్ణి.

అలాంటి నన్ను మా లీడర్ ఒక సోమవారం పక్కకి పిలిచి, "గత రెండు షోల్లోనూ నీ లైన్ చివర్లో శ్రుతి కిందకి జారింది" అన్నాడు.

"జారింది నా గొంతు కాదు, చెవిలో ఇయర్‌ఫోన్. నా పాట నాకే వినపడకపోతే ఎలా పాడమంటారు?"

"అయితే జారనివి చేయించుకో. చెవికి అచ్చు తీసి, సరిగ్గా ఆ ఆకారంలోనే చేసిస్తారు. పై వారం శనివారం పెద్ద షో. ఆ రోజు కూడా జారితే ఇక నువ్వు ఇంట్లో పాడుకోవడమే."

ఆరేళ్ళుగా ఆ వెనక వరసే నా చోటు. అది పోతే నాకు చేతనైన పని ఇంకోటి లేదు. ఆ సంగతి లీడర్‌కి తెలుసు, నాకు అంతకన్నా బాగా తెలుసు.

ఆయన ఇచ్చిన అడ్రస్ పట్టుకుని వెళ్తే అది వినికిడి మిషన్లు పెట్టే చోటు. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ముందు గదిలో నలుగురు ముసలివాళ్ళు కూర్చుని ఒకరితో ఒకరు అరుచుకుంటున్నారు. గోడ మీద తలుపంత చెవి బొమ్మ. నేను వెళ్ళి కూర్చోగానే ఒక బామ్మగారు నన్ను జాలిగా చూసి, "ఇంత చిన్న వయసులోనేనా బాబూ?" అంది. నాకు చెవుడు లేదని చెప్పాను. ఆమెకి వినపడలేదు.

లోపల గదిలో తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఉంది. నుదుటికి లైటు, వేళ్ళకి గులాబీ రంగు మరకలు. ముందు గదిలో కౌంటర్ దగ్గరుండే పెద్దాయన కూతురు. అచ్చులు తీసేదీ ఆమే, చేసేదీ ఆమే. నా చెవిలోకి లైటు వేసి చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇంత గుబిలి పెట్టుకుని ఇయర్‌ఫోన్‌ది తప్పంటున్నారా?" అంది. ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

చెవి శుభ్రం చేసింది. దారం కట్టిన చిన్న స్పాంజి ముక్క ఒకటి లోపలికి తోసింది. ఆ తర్వాత అగ్గిపెట్టంత ఇంకో ముక్క తెచ్చి నా నోటి ముందు పెట్టింది.

"ఇది పళ్ళ మధ్య పెట్టుకుని కరిచి పట్టుకోండి."

"ఎందుకు? నేనేమైనా పసివాడినా?"

"పాడేవాళ్ళు నోరు తెరుస్తారు కదా. దవడ కదిలితే చెవి లోపలి దారి ఆకారం మారుతుంది. నోరు తెరిచి ఉంచి అచ్చు తీయాలి."

ఆ ముక్క కరుచుకుని ఈమె ముందు కూర్చుంటే నా పరువేం కాను? "ఆరేళ్ళుగా పాడుతున్నాను, నా దవడ సంగతి నాకు తెలుసు. నేను పెద్దగా నోరు తెరవను. కోరస్."

"ఇప్పటిదాకా అయితే మూసింది లేదు" అంది. "సరే, మీ ఇష్టం. కనీసం కదలకండి. అయిదు నిమిషాలు. మాట్లాడొద్దు, నవ్వొద్దు."

సిరంజిలోంచి చల్లటి ముద్ద రెండు చెవుల్లోనూ నింపింది. లోకం మూసుకుపోయింది. అంతలో ఆ బామ్మగారు లోపలికొచ్చి నా వైపు చూపిస్తూ ఏదో అడిగింది, ఈ అమ్మాయి ఏదో చెప్పింది, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నా గురించే. మాట్లాడొద్దంది, నవ్వొద్దంది, కానీ ముఖం పెట్టొద్దనలేదు కదా. ఎడమ పెదవి పైకి లేపి, నాకు చేతనైనంత చులకనగా ఆమె వంక చూశాను. అయిదు నిమిషాలూ దించలేదు. చెంప నొప్పెట్టింది, అయినా దించలేదు.

వారం తర్వాత మెరిసే ఇయర్‌ఫోన్లు ఇచ్చింది. నీలం ఎడమకి, ఎరుపు కుడికి. మెట్లు దిగుతూ పాట పెట్టాను. కుడి చెవిలో అద్భుతం. ఎడమ చెవిలో బేస్ అనేదే లేదు, దోమ గొంతు. దిగిన మెట్లన్నీ మళ్ళీ ఎక్కాను.

"ఇదేనా మీ పనితనం? ఎడమది లూజుగా ఉంది."

"లూజుగా ఉండదు. నేను అచ్చు కొలిచే చేశాను." మంద్రంగా ఒక బేస్ మోత పెట్టింది. "వినిపిస్తోందా?"

"లేదు."

"మీకు వినపడనివి చాలా ఉన్నట్టున్నాయి. మొదటిరోజు నేను చెప్పింది కూడా వినపడలేదు."

నాకు మండింది. పెదవి దానంతటదే లేచింది. "ఇప్పుడు వినిపిస్తోంది" అన్నాను. అంటూ పెదవి దించాను. "పోయింది."

ఆమె నా ముఖం మీదకి వంగింది. "ఇందాకటిలా పెట్టండి."

"ఎలా?"

"నన్ను చూస్తే మీకు ఎలా అనిపిస్తుందో అలా."

పెట్టాను. వినిపించింది. దించాను, పోయింది. ఆమె సొరుగులోంచి నా ఎడమ చెవి అచ్చు తీసి లైటు కింద తిప్పి చూసింది. ఆ తర్వాత కుర్చీలో కూలబడింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "నాన్నా, ఇటు రా, ఈయన వెటకారానికి అచ్చు తీశాం" అని కేక పెట్టింది. పెద్దాయన వచ్చి చూశాడు. ముందు గదిలోని ముసలివాళ్ళకి గట్టిగా వివరించాడు కూడా. వాళ్ళకి ఈ ఒక్క సంగతీ స్పష్టంగా వినపడింది.

"మళ్ళీ తీస్తాను, కూర్చోండి" అందామె నవ్వు ఆపుకుంటూ.

"అక్కర్లేదు. ఇలాగే వాడుకుంటా" అని వచ్చేశాను. పౌరుషం అంటే అంత పౌరుషం నాది.

మంగళవారం రిహార్సల్. పెదవి లేపితేనే చెవి పని చేస్తుంది కాబట్టి లీడర్ కొత్త పాట మొదటినుంచి చివరిదాకా పెదవి లేపే పాడాను. పాట ఆపి ఆయన నా దగ్గరికొచ్చాడు.

"నా పాటంటే నీకు అంత చులకనా?"

"కాదండీ, ఇయర్‌ఫోన్ అలా ఉంది."

"ఇయర్‌ఫోన్ చెవిలో ఉంటుంది, పెదవి మీద కాదు. శనివారం ఒక్క షో. తేడా వస్తే నీ బదులు పాడటానికి ఒకడు రెడీగా ఉన్నాడు." డ్రమ్స్ వాడు జుట్టు సవరించుకుంటూ నవ్వాడు. వాడు నన్ను చూసి నవ్వే రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

బుధవారం మూడు అంతస్తులు ఎక్కి ఆమె ముందు నిలబడ్డాను. ఏం అనాలో దారంతా తయారుచేసుకున్నాను గానీ, నోట్లోంచి వచ్చింది ఒక్కటే: "శనివారం లోపల ఎడమది సరిచేయకపోతే నా చోటు పోతుంది."

ఆమె ఈసారి నవ్వలేదు. "కుడి చెవి దారి నోరు తెరిచినా మారట్లేదు, మీ అదృష్టం. ఎడమదొక్కటే తీద్దాం. శుక్రవారం పొద్దున్నకి ఇస్తాను. మామూలుగా వారం పడుతుంది" అంటూ నోటి ముక్క అందించింది. కరిచి పట్టుకున్నాను. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అంది, చెవి నింపే ముందు, నాకు వినపడేలాగే.

ఆ అయిదు నిమిషాలూ చేయడానికి ఏమీ లేక ఆమెని చూశాను. బామ్మగారు మళ్ళీ వచ్చింది. ఆమె మిషన్ బ్యాటరీ ఎలా మార్చాలో ఈ అమ్మాయి చేసి చూపించింది. బామ్మగారు తిరగేసి పెట్టింది. మళ్ళీ చూపించింది. ఆరుసార్లు. నాతో ప్రతి మాటకీ ముల్లు గుచ్చే మనిషి, ఆరోసారి కూడా మొదటిసారిలాగే ఓపికగా చూపించింది. నాకామె నచ్చింది. మనుషులు నచ్చడం నాకు అలవాటు లేదు, పైగా నోట్లో ముక్క, ఎవరికీ చెప్పే వీలు కూడా లేదు.

శుక్రవారం పొద్దున కొత్త ఎడమది తీసుకుని నేరుగా రిహార్సల్‌కి వెళ్ళాను. నోరు ఎంత తెరిచినా కదల్లేదు. డ్రమ్స్, కీబోర్డ్, వాటి మధ్యలో నా గొంతు, గాజు మీద గీసినంత స్పష్టంగా. ప్రతి లైన్ చివరా ఆ గొంతు కిందకి జారుతోంది. సగంలోనే పీకేసి షాపుకి పరిగెత్తాను.

"మళ్ళీ చెడగొట్టారు. ఇందులో నా గొంతు జారినట్టు వినిపిస్తోంది."

ఆమె ఇయర్‌ఫోన్ నా చెవిలో తిప్పి చూసింది. నోరు తెరిపించింది, మూయించింది. "ఫిట్ బాగుంది" అంది.

"మరి ఆ గొంతు?"

"మొదటిసారి మిషన్ పెట్టుకున్న పెద్దవాళ్ళందరూ ఇదే అంటారు. ఇది నా గొంతు కాదు, మిషన్ బాగాలేదు అని. మిషన్ బాగానే ఉంటుంది."

నాకు కోపం రావాలి. రాలేదు, భయం వేసింది. ఆరేళ్ళు అందరికీ తీర్పులు చెప్పినవాణ్ణి, తప్పు పాడింది నేను. "రేపే షో" అన్నాను. నా గొంతు సన్నగా వచ్చింది.

"ఏడవకండి, చెవుల్లోకి నీళ్ళు పోతాయి" అని, వినికిడి పరీక్ష చేసే చిన్న గదిలో నన్ను కూర్చోబెట్టింది. అక్కడి మైకుకి నా ఇయర్‌ఫోన్లు తగిలించి, అద్దం అవతల కూర్చుంది. "పాడండి."

పాడాను. "కింద" అంది. మళ్ళీ పాడాను. "కింద."

"మీకు సంగీతం వచ్చా?"

"రాదు. రోజంతా ఈ గదిలోకి మోతలు పంపిస్తుంటాను. పైనేదో కిందేదో తెలుసు. ఇంతకీ, లైన్ చివరికొచ్చేసరికి మీ కళ్ళు అటుపక్కకి ఎందుకు పోతాయి?"

అప్పుడు తెలిసింది. స్టేజ్ మీద డ్రమ్స్ వాడు ఉండేది అటుపక్కే, వాడు దెబ్బ తప్పేది లైన్ చివరే. వాడు తప్పుతాడా లేదా అని వినడానికి నా పాటని నేను అక్కడే వదిలేస్తున్నాను. ఆ మాట ఆమెకి చెప్పడం మొదటిరోజు గుబిలి కంటే సిగ్గుగా అనిపించింది. చెప్పాను.

"మీ పని మీరు చేసుకోవడం అంత కష్టమా?" అంది. మళ్ళీ, "ఇంకోసారి" అంది. మధ్యాహ్నం దాటేదాకా ఇంకోసారి అంటూనే ఉంది. ఆఖరికి ఏమీ అనకుండా బొటనవేలు చూపించింది.

శనివారం షోలో నా లైన్ ఎక్కడా జారలేదు. డ్రమ్స్ వాడు దెబ్బ తప్పాడో లేదో నాకు తెలియదు. స్టేజ్ దిగాక లీడర్ నా భుజం మీద చెయ్యేసి, "ఇవాళ నువ్వు ఉన్నట్టే తెలియలేదు" అన్నాడు. కోరస్ వాడికి అంతకన్నా మెప్పు లేదు. నా చోటు నాకు ఉంది.

ఇక ఆ షాపుకి వెళ్ళాల్సిన పని కూడా లేదు. ఆ ఆలోచన రాగానే ఆదివారమంతా పాడైపోయింది.

సోమవారం వెళ్ళాను. "కుడి చెవిలో కొంచెం గుచ్చుకుంటోంది" అన్నాను. ఆమె ఎర్రది తీసుకుని అడ్డుగోడ వెనక్కి వెళ్ళింది. అరగదీసే చక్రం తిరిగిన చప్పుడు చాలాసేపు వినిపించింది. మంగళవారం కూడా వెళ్ళాను, ఈసారి పైపక్క గుచ్చుకుంటోందన్నాను. ఆమె నా వంక ఒక చూపు చూసి మళ్ళీ తీసుకెళ్ళింది. మళ్ళీ చక్రం.

బుధవారం ఇక అబద్ధం చెప్పలేకపోయాను. ఇంకో నాలుగుసార్లు అరగదీస్తే చెవిలో పెట్టుకోవడానికి ఏమీ మిగలదని భయం కూడా వేసింది. అడ్డుగోడ వెనక్కే వెళ్ళి చెప్పేశాను.

"కుడి చెవికి ఏమీ కాలేదు. సోమవారం కూడా కాలేదు. మిమ్మల్ని చూడ్డానికి వచ్చాను. మీరంటే నాకిష్టం."

ఆమె చేతిలో ఉన్న అచ్చు మీంచి చూపు తిప్పలేదు. "తెలుసు."

"తెలిసీ రెండుసార్లు అరగదీశారా? అది పాడైపోదా?"

"అరగదీయలేదు. చక్రం ఊరికే తిప్పి, గుడ్డతో తుడిచి ఇచ్చాను."

"ఇరవై నిమిషాలు తుడిచారా?"

"మంగళవారం అరగంట. గడియారం కూడా చూడరా మీరు?"

నేను చూడలేదు. ముందు గదిలోంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఏమ్మా, ఆ అబ్బాయి చెవి ఇవాళైనా బాగవుతుందా?"

"ఇంకా చాలా టైం పడుతుంది నాన్నా" అందామె. కాలితో ఇంకో స్టూల్ నా వైపు తోసి, చక్రం ఆన్ చేసింది.