పదకొండు తూకానికి జోడు

తొమ్మిది దాటేసరికి వరహాలు ఇరవై ముగ్గురి అరచేతులు అద్దం మీద పెట్టించాడు. అద్దం ఒక్కో చేతికీ ఒక్కో లోటు పటం గీసింది. చదువు తెగిపోయిన చోటల్లా నల్ల మచ్చ, మచ్చలన్నీ కలిపితే తూకం. ఆరో తరగతి వానాకాలమంతా బడి మునిగిపోయినవాడికి మూడు. వలస గుడారాల్లో పెరిగి, నాలుగు భాషలు మాట్లాడుతూ ఒక్కటీ రాయలేని పిల్లకి ఎనిమిది.

"సెయ్యి తుడుసుకోమ్మా," అన్నాడు ఆఖరి మనిషితో. "రొయ్యల వాసనకి అద్దం ఏటీ అనుకోదు. తడికి మాత్రం అలుగుతాది."

పదింటికి సంత మొదలైంది. కాగితాల మీద దాని పేరు అంతర్ కళాశాల లోటుపూరణ సమన్వయం. ఆ పేరు పూర్తిగా పలికినవాణ్ణి వరహాలు పంతొమ్మిదేళ్ళలో చూడలేదు. రేవు, కొండ, గని, మెట్ట, ఈ నాలుగు కళాశాలలూ ఒక కూటమి. వాటి చేర్పు బల్లల దగ్గర కూర్చునే బల్లదార్లు, రేవుకి వరహాలు, రోజూ గోడల మీది తెరల్లో ఎదురెదురుగా కనబడి, ఎవరి మనుషుల్ని ఎవరు తీసుకోవాలో బేరమాడుకుంటారు. భిన్నాలు రానివాళ్ళు గనికి పోతారు, అక్కడ రాళ్ళు తూచి నేర్పుతారు. అక్షరం రానివాళ్ళు కొండకి పోతారు, అక్కడ పాటతో మొదలుపెడతారు. ప్రతి కళాశాలా అన్నీ తానే నేర్పుతానని బోర్డు కట్టుకున్న కాలం ఒకటుండేది. అప్పుడు బోర్డులు బాగుండేవి.

"ఏటి బావా, ఇయ్యాల ఎంతమందిని తోల్తావు నా మీదకి?" కొండ బల్ల నుంచి పైడితల్లి అడిగింది.

"ఆరుగురే మరదలా. నీ పాటలకి తట్టుకునేవోళ్ళని ఏరి మరీ పంపుతున్నాను."

"నీ తిట్లకి తట్టుకున్నోళ్ళు, నా పాటలకి సస్తారేటి?"

గని బల్లదారు ఎర్రయ్య నవ్వలేదు. అతను సంతలో నవ్వడు, మాట్లాడటం కూడా తక్కువ. ఏడుగుర్ని తీసుకుని ఏడు వేళ్ళు చూపించాడు.

పదకొండున్నరకి ఇరవై ఇద్దరు సర్దుకున్నారు. బల్ల ముందు కొర్ర జమున ఒక్కతే మిగిలింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. తమ కొండ చెరువు గేటు దగ్గర పదేళ్ళుగా పంపు నడుపుతోంది. గేటు ఎంత ఎత్తితే ఎన్ని నీళ్ళు పోతాయో చెవితో చెప్పగలదు, కాగితం మీద చెప్పలేదు. ఈ ఏడాది గేటుకి చదువు పట్టా ఉన్న మనిషిని పెడతారు. గనిలో భిన్నాలు నేర్చుకుంటే ఆ పట్టా ఆమెది. మధ్యాహ్నం పన్నెండులోగా సంతలో చోటు దొరక్కపోతే పేరు నిద్ర జాబితాలోకి పోతుంది, మళ్ళీ మూడేళ్ళకి గానీ లేవదు. ఈలోగా ఆ నీళ్ళ చప్పుడు ఎరగనివాడెవడో వచ్చి గేటు పట్టుకుంటాడు.

ఆమె తూకం పదకొండు. తొమ్మిది దాటిన తూకం ఒంటరిగా ప్రయాణించకూడదు, తొమ్మిది దాటిన ఇంకొకరు జోడు ఉండాలి. తరగతిలో పక్కన కూర్చుని, తనకీ తెలియదని చెప్పే మనిషి కావాలి. నియమాలు రాసిన పెద్దవాళ్ళకి తెలిసిన మంచి ముక్క అదొక్కటే అని వరహాలు అభిప్రాయం. ఆ రోజు నాలుగు బల్లల మీదా తొమ్మిది దాటినవాళ్ళు ఇంకెవరూ లేరు.

"సారూ," అంది జమున. "పోయినేడు నాది ఎనిమిదన్నారు. ఈయేడు పదకొండంటున్నారు. ఆ మూడూ నేను మర్చిపోయానా?"

కిందటేడు కూడా ఆమెకి జోడు దొరకలేదు. అప్పుడు వరహాలు పటం అంచున మూడు మచ్చలు చెరిపి, ఎనిమిదని రాసి, ఒంటరిగా పంపేశాడు. తూకం చెక్కడం అంటారు దాన్ని. జాలి వేసినప్పుడు ప్రతి బల్లదారూ చేసే పనే. ఆమె గనిలో ఇరవై రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని, ఇరవై ఒకటో రోజు ఇంటికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చిన చేతిని అద్దం గుర్తుపెట్టుకుంటుంది. ఇక దాన్ని చెక్కడం కుదరదు.

"నువ్వు మర్సిపోనేదమ్మా," అన్నాడు. "నానే సెక్కినాను. మేలు సేస్తన్నాననుకున్నాను."

జమున అతని ముఖంలోకి చూసింది. "నేను మొద్దుదాన్నని మా ఇంట్లోవాళ్ళకి చెప్పేశాను సారూ," అంది.

పదకొండు యాభై. గోడ మీద ముగ్గురూ తలలు దించుకున్నారు.

"పన్నెండు దాటకుండా మూసెయ్యి బావా," అంది పైడితల్లి నెమ్మదిగా. "మనమేటి సెయ్యగలం."

వరహాలు అద్దాన్ని చూశాడు. పంతొమ్మిదేళ్ళలో వేల చేతులు దాని మీద పెట్టించాడు గానీ, తన చెయ్యి ఎన్నడూ పెట్టలేదు. రేవు అవతలికి వినబడేలా కేక వెయ్యగలడని ఉద్యోగంలోకి తీసుకున్నారు. అద్దం తరవాత వచ్చింది. ఏడో తరగతిలో వలల కింద పుస్తకం పారేసి వచ్చిన సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. బల్లదారు తూకం అయిదు దాటకూడదు. దాటితే ఆ క్షణమే బల్ల దిగాలి.

చొక్కాకి చెయ్యి తుడుచుకుని అద్దం మీద పెట్టాడు.

పటం నల్లగా పరుచుకుంది. "వరహాలు. తూకం పదమూడు," అంది అద్దంలోంచి కూటమి గొంతు, ఏ తేడా లేకుండా. "విద్యార్థిగా నమోదు. కొర్ర జమునకు జోడు కుదిరింది. గని కళాశాల, మధ్యాహ్నం బండి."

ఆ వెంటనే ఆ గొంతు పాత లెక్కలు తీసింది.

"రేవు బల్ల ఖాళీ. ఈ బల్ల మీద కుదిరిన జతలు నాలుగు వేల రెండు వందలు. చదువు పూర్తి చేసినవారి శాతంలో మొదటి స్థానం. అర్హత లేని చేతి మీదుగా కుదిరినవి. రద్దు చేయాలా? మిగిలిన మూడు బల్లల చేతులు కావాలి."

పైడితల్లి ముక్కుపుడక సర్దుకుంది. "పదమూడా బావా? ఇన్నాళ్ళూ నన్ను పద్దులు సరిగ్గా సూసుకోమని తిట్టింది నువ్వేనా?"

"నానే."

"సిగ్గు నేదు."

ఆమె తన అద్దం మీద చెయ్యి పెట్టింది. రద్దు గుర్తు మీద కాదు, దాని పక్కన, చదువుకోడానికి వచ్చినవాళ్ళు పెట్టే చోట.

"పైడితల్లి. తూకం తొమ్మిదిన్నర. విద్యార్థిగా నమోదు. కొండ బల్ల ఖాళీ."

ఎర్రయ్య గొంతు సవరించుకున్నాడు. "నాది పన్నెండుకి తక్కువుండదు," అన్నాడు. ఆ నెలలో అతను సంతలో అన్న మొదటి వాక్యం అదే. చేతిని బల్లకేసి రెండుసార్లు రుద్ది అద్దం మీద పెట్టాడు. ఆ వెనకే మెట్ట బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడయింది.

బండి వచ్చింది. జమున ముందెక్కి, కిటికీ పక్కన జరిగి చోటిచ్చింది.

"భిన్నాలు మీకు కొంచెమైనా వచ్చా సారూ?"

"సారేటి ఇంకా? రావు."

"అసలు రావా?"

"అడ్డగీత మీదా కిందా ఏటుంటాదో తెల్సు. ఎందుకుంటాదో తెల్దు."

జమున సంచిలోంచి పలక తీసి ఇద్దరి మోకాళ్ళ మీదా సగం సగం పడేలా పెట్టింది. వెనక, తలుపు తెరిచే ఉన్న గదిలో కూటమి అడుగుతూనే ఉంది, రద్దుకి చెయ్యి పెట్టడానికి బల్లల దగ్గర ఎవరున్నారని. వరహాలు అలవాటుకొద్దీ లేవబోయాడు.

"కూర్చోండి," అంది జమున. బండి కదిలింది.