లోర్వాల్‌లో పుట్టిన ముగ్గురు

నేను అక్షరాలు నేర్చింది అరవై దాటాక. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తప్పి ఉంటాయి, మన్నించండి. ఈ నాలుగు పేజీలకు రెండు నెలలు పట్టింది, దానికీ మన్నించండి. కథ మాత్రం నా చేతిలా నెమ్మదిగా నడవదు.

"ధర్మాబాద్ మిర్చి ఎట్లుంది?"

"ఘాటుంది గని, కండ్లల్ల నీళ్ళు తెప్పిస్తలేదు."

కోడ్ సరిపోయింది. నాందేడ్ బస్‌స్టాండ్ దగ్గర జెరాక్స్ దుకాణం వెనక గది తలుపు తెరుచుకుంది. సుమన లోపలికి వెళ్ళింది. యాభై రెండేళ్ళు. సీక్రెట్ సర్వీసులో ఏజెంట్ 14. ఆమె మొహం చూసినవాళ్ళు మరో నిమిషానికి మరిచిపోతారు. డిపార్టుమెంటు ఆ సంగతిని ఆమె ఫైల్లో లోపాల కింద రాసుకుంది. అంత తెలివైన డిపార్టుమెంటు అది.

జెరాక్స్ దుకాణం యజమానిగా చలామణి అవుతున్న చీఫ్ విశ్వేశ్వర్ ఒక ఫొటో ముందుకు తోశాడు.

"అనంతరాములు. రిటైరైండు. సరిహద్దుల మన ఫౌజు మాట్లాడుకునే వైర్‌లెస్‌కు సీక్రెట్ కోడ్ చేసింది ఈయననే. అది కాయితం మీద లేదు, తలకాయల ఉంది."

"ఆ తలకాయకు ఏమైంది సార్?"

"సన్మానం."

విశ్వేశ్వర్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఫ్రాన్సులో లోర్వాల్ అనే చిన్న ఊరు. అక్కడ అలాంటి ఊరిని కమ్యూన్ అంటారు. ఆ కమ్యూన్‌కూ నాందేడ్‌కూ స్నేహ ఒప్పందమట. అందుకని ముగ్గురు ప్రతినిధులు దిగారు. నాయకుడు ప్రొఫెసర్ మార్సో. ఇంత పెద్ద నాందేడ్‌లో వాళ్ళకు గౌరవ అతిథిగా అనంతరాములు తప్ప ఎవరూ దొరకలేదు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకు ఫంక్షన్ హాలు నుంచి కారు, కారు నుంచి స్పెషల్ విమానం.

"ఆ కారు గేటు దాటితే ముసలాయన మళ్ళ రాడు సుమనా. కోడ్ చెప్పేదాంక ఉంచుకుంటరు. తర్వాత ఉంచుకోరు."

"మరి ఆపుండ్రి."

"ఎట్ల ఆపాలె? ఢిల్లీ నుంచి చిట్ఠీ ఉంది. పాస్‌పోర్టులు ఖరా, అసలువే అని మయూరి రిపోర్ట్ రాసింది. సబూత్ లేకుంట చెయ్యేస్తే నీ నౌకరి, నా నౌకరి రెండూ పోతయి."

మయూరి డిపార్టుమెంటుకు ముద్దుబిడ్డ. దుబాసి వేషంలో ఆ ముఠాలోకి దూరింది. ఆమె రిపోర్టు వస్తే విశ్వేశ్వర్ చదవడు, వాసన చూస్తాడు. కాగితానికి సెంటు రాసి పంపిస్తుంది మరి.

"ఆపరేషన్ పేరు గోదావరి గరుడ," అన్నాడు గొంతు తగ్గించి. "నీ వేషం, చాయ్ పోసే వెంకవ్వ."

గరుడుడి చేతికి ఒక స్టీలు ఫ్లాస్కు ఇచ్చారు. మూతలో కెమెరా, పిడిలో వైర్‌లెస్.

ఫంక్షన్ హాలు నిండిపోయింది. తమ జిల్లాలోని కందార్ కోట ఏ దిక్కున ఉందో చెప్పలేని ఊరి పెద్దలందరూ ముందు వరసల్లో కూర్చుని లోర్వాల్ చరిత్రకు చప్పట్లు కొడుతున్నారు. వేదిక మీద అనంతరాములు, మెడలో మూడు దండలు, భుజాన కొత్త జరీ శాలువా. ప్రొఫెసర్ మార్సో ఆయన పేరును "అనాంతారమ్యూలో" అన్నప్పుడల్లా ఆయన కళ్ళు మూసుకుని ఆనందపడుతున్నాడు.

సుమన చాయ్ పోస్తూ కెమెరా నొక్కింది. అద్దం మీద ఆవిరి. ఫ్లాస్కులో చాయ్ పోస్తారని ఢిల్లీ ఇంజనీర్లకు తట్టలేదు.

"ఏయ్ మావుషీ, పక్కకు జరుగు. ఫొటోల అడ్డమస్తున్నవ్," అంది మయూరి, పనిమనిషిని పిలిచే మరాఠీ పిలుపుతో. నెమలికంఠం రంగు చీర, అదే రంగు గాజులు. ఆ అందానికి చాయ్ పోసే మొహం ఆనలేదు.

మార్సో ఫ్రెంచిలో చెబుతున్నాడు, మయూరి తెలుగు చేస్తోంది. లోర్వాల్ విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన సున్నపురాయి గుట్ట, దక్షిణాన లోర్న్ అనే వాగు. జనాభా నూట నలభై మూడు. విప్లవం రోజుల్లో జమీందారు దస్తావేజులు తగలబెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో ముప్పై ఒక్కమంది పోయారు, ఆ పేర్లు రాతి మీద చెక్కించారు. మార్సో ఎక్కడా తడుముకోలేదు. వాగు ఎండాకాలం పారుతుందా అని ముందు వరసలో ఎవరో అడిగితే మాత్రం నవ్వి ఊరుకున్నాడు. పుస్తకంలో ఉన్నదంతా వచ్చు, పుస్తకంలో లేనిది ఒక్క ముక్క రాదు. సుమనకు ఒళ్ళు మండింది. తన దేశం మీదికి వచ్చిన దొంగకు ఆ మాత్రం కష్టపడే ఓపిక కూడా లేదా!

"మాది ప్రశాంతమైన కమ్యూన్," మయూరి తెలుగు చేసింది. "1961 తర్వాత ఊళ్ళో ఒక్క బిడ్డ కూడా పుట్టలేదు. కాన్పులన్నీ ముప్పై కిలోమీటర్ల అవతల పట్నం ఆస్పత్రిలోనే. అప్పటి జననాల రిజిస్టరును గాజుపెట్టెలో పెట్టి చూపిస్తాం."

చప్పట్లు.

సుమన చేతిలో కప్పు ఆగింది. గబగబా వంటింటి వైపు నడిచి ఫ్లాస్కు పిడి నోటి దగ్గర పెట్టుకుంది.

"సార్, వీళ్ళ పాస్‌పోర్టుల నకళ్ళు మన దగ్గరున్నయా?"

"హోటలోడు మన దుకాణంలనే జెరాక్స్ తీయించిండు. నా చేతులనే ఉన్నయ్."

"పుట్టిన ఊరు చదువుండ్రి."

"లోర్వాల్. రెండోది... లోర్వాల్. మూడోది గూడ లోర్వాల్. సరే ఉంది కద?"

"పుట్టిన సాలు?"

"ఎనభై నాలుగు, ఎనభై ఎనిమిది, తొంభై. ఏందమ్మా నీ గోల?"

"సార్, నాది మర్ఖేల్. మా ఊర్ల దవాఖాన లేకుండె. అమ్మ నన్ను దెగ్లూర్‌ల కన్నది. నా కాయితాలన్నిట్ల పుట్టింది దెగ్లూర్ అనే ఉంటది. గీ ఊర్ల అరవై ఏండ్ల సంది ఎవ్వలు పుట్టలేదని వాడే మైకుల చెప్తుండు. మరి గీ ముగ్గురు ఏడికెల్లి ఊడిపడ్డరు?"

అటువైపు నకళ్ళు మళ్ళీ తిరగేసిన చప్పుడు.

"మయూరి ఖరా అని రాసింది కద..." అన్నాడు విశ్వేశ్వర్ నీరసంగా.

"గా సెంటు కాయితం అవతల పారేసి జీపు తీయుండ్రి!"

"ఐదు నిమిషాలు ఆపు."

ఐదు నిమిషాలు లేవు. సుమన బయటికి వచ్చేసరికి కారు ఇంజను నడుస్తోంది. మార్సో మనుషులు ఇద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు. మార్సో వెనక సీట్లో ఉన్నాడు. అనంతరాములు ఒక కాలు కారులో పెట్టి, రెండో కాలు నేల మీద ఉంచి, ఫొటోగ్రాఫరు కోసం నవ్వుతున్నాడు.

"అనంతరాములు సార్! ఎక్కకుండ్రి! వీళ్ళు దొంగలు!"

"ఏయ్, ఎవలే నువ్వు? చాయ్ పోసేదానివి చాయ్ పొయ్యి!" ఆయన మండిపడ్డాడు. "జల్తీ, ఒట్టి కుళ్ళు. నా ఇజ్జత్ చూసి ఓర్వలేరు ఈ ఊర్ల!"

మయూరి చిరునవ్వుతో అడ్డం వచ్చింది. ఆమె వేళ్ళ మధ్య లిప్‌స్టిక్ ఉంది. దాని కొనన సూది.

"మావుషీ, నిద్రొస్తుందా?"

"చాయ్ తాగినంక ఏం నిద్ర?" అంది సుమన, ఫ్లాస్కు మూత తీసి మొత్తం కుమ్మరిస్తూ. మయూరి కేక పెట్టింది. లిప్‌స్టిక్ పక్కనున్న మురుగుమోరీలో పడింది. డ్రైవరు గేరు వేశాడు. అనంతరాములు రెండో కాలు నేల విడిచింది.

సుమన చేతికి అందింది శాలువా కొన ఒక్కటే. రెండు చేతులతో పట్టి గుంజింది. దేశ రహస్యమంతా వెల్లకిలా వచ్చి దుమ్ములో పడింది. కారు తెరిచిన తలుపుతోనే గేటు వైపు దూకింది. అదే క్షణంలో గేటుకు అడ్డంగా విశ్వేశ్వర్ ఎక్కి వచ్చిన పోలీసు జీపు నిలిచింది. మార్సో కిందికి దిగి చేతులెత్తాడు. పట్టుకున్న కానిస్టేబులును హైదరాబాదీ ఉర్దూలో తిట్టాడు. అదైనా పుస్తకం చూడకుండా వచ్చినందుకు సుమన సంతోషించింది.

మయూరి తడిసిన చీరతో విశ్వేశ్వర్ దగ్గరికి పరిగెత్తింది. "సార్, నేను మొదటినుంచి మన దిక్కే. వీళ్ళను పట్టియ్యాలనే గా పాస్‌పోర్టుల తప్పు రాయించిన!"

విశ్వేశ్వర్ ఒక క్షణం నమ్మాడు. ఆ క్షణం ఆయన ముఖంలో కనిపించింది. తర్వాత సుమన వైపు చూసి, సిగ్గుపడి, జేబులోంచి బేడీలు తీసి మయూరి చేతులకు వేశాడు.

అనంతరాములు దుమ్ము దులుపుకుంటూ లేచాడు. ప్రాణం దక్కిన సంగతి ఆయనకు ఇంకా తలకెక్కలేదు. శాలువా చిరిగిన సంగతి ఎక్కింది.

"ఏమమ్మా, మరి ఆ లోర్వాల్ అసలుకే లేదా?"

"ఉంది సార్. నూట నలభై మూడు మంది ఉన్నరు. వాళ్ళల్ల ఒక్కలకు గూడ మీ పేరు తెల్వదు. మంచిగ బతుకుతున్నరు."

— కొండ్ర సాయవ్వ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉండేది సిడ్కో కాలనీ, నాందేడ్.