పడమటి వరండాలో సూర్యోదయం

సెలవు చీటీ మీద సంతకం పెట్టిన చీఫే రెండు గంటల తర్వాత దాన్ని రద్దు చేశాడు.

అప్పటికి స్తెఫను పెట్టె సర్దడం దాదాపు అయిపోయింది. నూలు చొక్కాలు నాలుగు, నల్ల కళ్ళద్దాలు, డాక్టర్ రాసిచ్చిన నిద్రమాత్రలు, కాఫీపొడి డబ్బా, ఒక కప్పు, ఒక సాసరు. రెండో కప్పును పెట్టెలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి బల్ల మీద వదిలేశాడు. ఫోన్ మోగింది.

"ఏజెంట్ నైన్?"

"మాట్లాడుతున్నాను సార్."

"పెట్టె అక్కడే వదిలెయ్. నువ్వు రా."

అది 1971 నవంబర్ పదహారో తేదీ. హైదరాబాద్‌లో మందుల కంపెనీ బోర్డు తగిలించుకున్న ఒక మేడలో, రెండో అంతస్తులో, చీఫ్ అతన్ని కూర్చోమనలేదు.

"సెలవులో ఎక్కడికి వెళ్తున్నావు?"

"దరఖాస్తులో రాశాను సార్. సెయింట్ క్లారా దీవి. పెలికాన్ గెస్ట్ హౌస్."

"మూడేళ్ళ కిందట ఆపరేషన్ మీద వెళ్ళిన చోటుకే మళ్ళీ ఎందుకు?"

"విశ్రాంతికి. అక్కడ నిద్ర పట్టేది."

చీఫ్ ఒక ఫొటో కాపీని బల్ల మీద తోశాడు. "పోస్టల్ సెన్సార్ పట్టుకుంది. మా చేతికి వచ్చేసరికి అసలు ఉత్తరం చేరాల్సిన వాడికి చేరిపోయింది. కె. జోసెఫ్, గోదావరిఖని పోస్టాఫీసు. ఎవడో వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళాడు. బొగ్గుగనుల ఊళ్ళో సముద్రం మధ్య దీవికి సెలవు బుక్ చేసుకునేవాడెవడు? పైగా నువ్వు దరఖాస్తులో రాసిన అడ్రసూ, ఈ ఉత్తరం బయల్దేరిన అడ్రసూ ఒకటే. నీ గురించి ఏమనుకోమంటావు?"

స్తెఫను అప్పటికే కాగితం అందుకున్నాడు. ఉత్తరం చదువుతున్నాడు.

'ప్రియమైన మిత్రమా, మా దీవికి విశ్రాంతి కోసం మళ్ళీ వస్తున్నందుకు సంతోషం. మీకు గది నంబర్ 214 ఉంచాం. 17వ తేదీ సాయంత్రం 4 గంటలకు ఆటుపోటు అనుకూలంగా ఉంటుంది. సామాను ముందే దింపుకోండి. మీ వరండాలో కూర్చుంటే సముద్రంలోంచి సూర్యోదయం కనిపిస్తుంది.'

అది లియోనా చేతిరాత.

లియోనా ఆ దీవిలో రెండు పక్షాలకూ, స్తెఫను డిపార్ట్‌మెంట్‌కూ శత్రువులకూ, పనిచేసేది. రాత్రి హోటల్లో పియానో ముందు కూర్చుంటే నౌకాశ్రయం అధికారులు భార్యల్ని మరిచిపోయేవారు. పొద్దున్నే వరండాలో, స్తెఫను నేర్పినట్టు, కాఫీని సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. 'వాళ్ళ కోసం నేను రాసే ఉత్తరాల్లో మన వరండాలో సూర్యోదయం ఉంటుంది. అది చూస్తే అక్కడ ప్రాణాలు పోబోతున్నాయని తెలుసుకో' అని ఒకరోజు చెప్పింది. ఆ వరండా పడమటిది. అక్కడ కనిపించేది సూర్యాస్తమయమే.

మూడేళ్ళ కిందటి ఆ చివరి రోజున అతను ఆమె సంపాదించిన రహస్య ఫిల్ము తీసుకుని మధ్యాహ్నం ఓడ ఎక్కాడు. ఆమె సాయంత్రం పడవలో రావాలి. ఆ పడవ జెట్టీ దాటి రెండు వందల గజాలు కూడా పోకముందే పేలిపోయింది. ఇంకా రేవులోనే ఆగి ఉన్న ఓడ డెక్ మీద నుంచి అతనికి పొగ మాత్రం కనిపించింది. శవం దొరకలేదు.

దొరకలేదు కాబట్టే మూడేళ్ళుగా అతనికి నిద్ర పట్టడం లేదు.

"ఇది లియోనా చేతిరాత, ఆమె బతికే ఉంది సార్," అన్నాడు. ఉత్తరంలో అంకెలున్న చోట పాళీ గీత కొంచెం లావుగా పడింది. అది అతను చూశాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"ఉత్తరం సంగతి చెప్పు."

"ఆ గెస్ట్ హౌస్‌లో ఉన్నవి తొమ్మిది గదులు. 214 గది కాదు. మా నాన్న బెల్లంపల్లి గనిలో పనిచేశాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక దీపం, దీపానికో నంబర్ ఉంటాయి. రేపు సాయంత్రం నాలుగు అంటే షిఫ్టు మారే టైము. దిగినవాళ్ళూ ఎక్కేవాళ్ళూ కలిసి ఉంటారు."

"ఎంతమంది?"

"మూడు వందలకు తక్కువ ఉండరు."

చీఫ్ అప్పుడు కూర్చున్నాడు. సరిహద్దుకు సైన్యాన్ని మోస్తున్న రైళ్ళు ఏ బొగ్గు మీద నడుస్తున్నాయో ఇద్దరికీ తెలుసు. ఒక గని పేలితే మిగతా గనుల్లోకి ఎవరూ దిగరు.

"గనులు మూయిస్తే వాళ్ళు గెలిచినట్టే. జీపు కింద ఉంది," అన్నాడు చీఫ్.

* * *

మర్నాడు, రానివాళ్ళ బదులు గనిలోకి దిగే బదిలీ వర్కర్ వేషంలో గోదావరిఖనిలో దిగిన స్తెఫనుకు మేకప్ అవసరం రాలేదు. ఎడమ కనుబొమ మీద నీలి గీత ఒకటి చిన్నప్పటినుంచీ ఉంది. బొగ్గు కోసిన గాయం మానినా బొగ్గు చర్మంలోనే ఉండిపోతుంది. ఆ గీత చూసి ఎవరూ అతన్ని నువ్వెవరని అడగలేదు.

మూడు గనుల లాంప్‌రూములు తిరిగాడు. మూడు చోట్లా 214 మనుషులు సరైనవాళ్ళే. నాలుగో గని దగ్గరికి చేరేసరికి మూడూ నలభై అయింది. రెండో షిఫ్టు వాళ్ళు అప్పటికే లోపలికి నడుస్తున్నారు.

లాంప్‌రూము కిటికీలో కూర్చున్న సదయ్య ముప్పయ్యేళ్ళుగా దీపాలు ఇచ్చి, దీపాలు తీసుకుంటున్నవాడు. ప్రతి మనిషీ తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకోవాలి. బయటికి వచ్చాక దీపం ఇస్తే బిళ్ళ వెనక్కి వస్తుంది. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే లోపల మనిషి మిగిలినట్టు.

"రెండు వందల పద్నాలుగు ఎవరిది కాక?"

"ఆగయ్యది. నువ్వెవనివి?"

స్తెఫను కార్డు చూపించాడు. సదయ్య దాన్ని దూరంగా పట్టుకుని చదివి, లేచి నిలబడ్డాడు.

"ఆగయ్య ఇప్పుడు లోపలున్నడా?"

సదయ్య కళ్ళు దించుకున్నాడు. "ఆగయ్య దవాఖానల ఉన్నడు. కామెర్లు. నాలుగొద్దులాయె."

"మరి బోర్డు మీద బిళ్ళ ఉన్నది గద?"

"బిక్షమని... తమ్ముడంట. బిళ్ళ పట్టుకొచ్చిండు. నాగాలు పడితె కొలువు పోతదని బతిమిలాడిండు. ఇక్కడ అందరం చేసేదే బిడ్డా. నాకు జ్వరమొస్తె మా బామ్మర్ది దిగలేదా? పేదోని కడుపు కొట్టుడెందుకని ఊకున్న."

"ఆగయ్యకు తమ్ముడున్నడా?"

"అడగలే." సదయ్య బోర్డు మీది బిళ్ళ వైపు చూశాడు. "ఏమైంది బిడ్డా?"

"దొంగ తాళంచెవితోని దీపంల బ్యాటరీ తీసి బాంబు పెట్టిండు. నాలుగింటికి పేలుతది."

సదయ్య గోడకు ఆనుకున్నాడు. "నా కొడుకు దిగిండు గిప్పుడే," అన్నాడు. అని, ఇంక ఒక్క మాట కూడా వృథా చెయ్యలేదు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తెంపి ఇచ్చాడు. "దీపం డబ్బ దీనితోటే తెరుచుకుంటది. ఇది గడప దాటి పోవద్దని రూలు. జల్ది పో."

గనిలోకి ఫోన్ చేసి మనుషుల్ని పైకి రప్పించమని అతనికి చెప్పి, స్తెఫను ఒక దీపం తగిలించుకుని పరిగెత్తాడు. గని నోటి దగ్గర తనిఖీ చేసే పోశం చెయ్యి అడ్డం పెట్టాడు.

"జేబుల ఏముంది?"

ఉన్నది సిగరెట్ లైటర్. దాని గొట్టంలో రెండు తూటాలు ఉంటాయి. డిపార్ట్‌మెంట్ ఎన్నో నెలలు కష్టపడి చేయించింది.

"దీంతోని అగ్గి పుడతదా?" అన్నాడు పోశం.

"పుడతది."

"అయితె ఈడ పెట్టు. మంత్రి వచ్చినా గంతే."

కార్డు చూపించి వాదించవచ్చు. కానీ లోపల గ్యాసు ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ సంగతి బాంబు పెట్టినవాడికీ తెలుసు, బెల్లంపల్లి పిల్లవాడికీ తెలుసు. లైటర్ అక్కడ పెట్టి, చేతిలో తాళంచెవితో ఏటవాలు సొరంగంలోకి దిగాడు ఏజెంట్ నైన్.

నూరడుగులు దాటాక వెలుతురు పోయింది. తలదీపం వెలుగులో నీళ్ళు కారుతున్న గోడ, మెట్లు, తన అడుగుల చప్పుడు. ఆ చప్పుడు వెనక ఇంకొక అడుగు వినిపిస్తున్నట్టు అతనికి మూడేళ్ళుగా అలవాటు. ఆగి వినలేదు.

ఎదురుగా దీపం లేని మనిషి ఒకడు గోడ తడుముకుంటూ పైకి వస్తున్నాడు.

"ఎవరన్నా? దీపమేది?"

"ఖరాబయిందన్న. మార్చుకరావాలె."

సమాధానం సరిగ్గానే ఉంది. యాస కూడా. స్తెఫను తల కొద్దిగా దించాడు. వెలుగు ఆ మనిషి నడుము మీద పడింది. దీపం బ్యాటరీ డబ్బా వేలాడాల్సిన బెల్టు ఖాళీగా ఉంది.

దీపం చెడిపోతే దీపాన్ని తెచ్చి మార్చుకుంటారు. గనిలో వదిలి వట్టిచేతులతో ఎవరూ రారు.

వాడు కదిలేలోపే స్తెఫను మెడ దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరూ మెట్ల మీద దొర్లారు. టోపీ ఊడి వాడి ముఖం వెలుగులోకి వచ్చింది.

బిక్షమూ, కె. జోసెఫూ ఒక్కడే: పెలికాన్ గెస్ట్ హౌస్ వంటవాడు ప్రకాశం. అంత దూరపు దీవిలో తెలుగు మాట్లాడినందుకు స్తెఫను అన్నలా నమ్మినవాడు.

"విశ్రాంతికి మళ్ళీ వస్తానన్నారు, రాలేదేం సార్?" అన్నాడు ప్రకాశం, పెదవి మీద నెత్తురుతో. "ఐదో గది దులిపి ఉంచాను."

"బాంబు ఎక్కడ?"

"లియోనాగారు ఎక్కడని అడగరేం? ఉత్తరం చూసి బతికుందనుకున్నారా? మూడేళ్ళ కిందటే చంపేశాం. పడవ పేలకముందే దింపేసి, పదకొండు ఉత్తరాలు ఒక్క రోజున రాయించాం ఆమెతో. నంబర్ల చోట ఖాళీ వదిలించి. ఖాళీలు మేం నింపుకుంటున్నాం. ఇది ఏడోది." నవ్వాడు. "సాయంత్రం పడవలో అమ్మగారికి పులిహోర కట్టమని నాకు చెప్పింది మీరే కదా సార్. ఏ పడవో లేకపోతే మాకెలా తెలుస్తుంది?"

స్తెఫను చేతులు ఒక్క క్షణం వదులయ్యాయి. వాడు కోరుకున్నది ఆ క్షణమే. మోకాలితో కడుపులో పొడిచాడు. స్తెఫను పడిపోయాడు. పడుతూనే వాడి కాలు పట్టుకుని లాగి, వాడి ఖాళీ బెల్టుతోనే చేతులు విరిచి కట్టాడు. వాచీ చూసుకున్నాడు.

మూడూ యాభై ఆరు.

కింద, మనుషులు డ్యూటీ కోసం ఆగే చోట, సొరంగం వెడల్పుగా ఉంది. షిఫ్టు దిగినవాళ్ళూ, ఎక్కబోయేవాళ్ళూ అక్కడే కూర్చుని ఉన్నారు. సదయ్య ఫోన్ అందిందేమో, షిఫ్టు మీద పెద్ద అయిన సర్దార్ గట్టిగా అరుస్తున్నాడు. జనం లేస్తున్నారు కానీ ఆ ఇరుకులో మూడు వందల మందికి నాలుగు నిమిషాలు చాలవు.

"రెండు వందల పద్నాలుగు దీపం చూసిన్రా ఎవరన్న?"

"ఆగయ్య తమ్మునిదా? గా మొద్దుకు తగిలించి ఉన్నది," అన్నాడు బొగ్గు నింపే ఒక కుర్ర ఫిల్లర్. "నవ్వుకున్నం. దీపం తలకుండాలె గని, సద్దిగిన్నెల పక్కన తగిలిస్తరా ఎవరన్న? కొత్తోడనుకున్నం."

సద్దిగిన్నెలు, చొక్కాలు వేలాడుతున్న కొయ్యకు ఒక దీపం వేలాడుతోంది. మూడు వందల దీపాల్లో వెలగని దీపం అదొక్కటే.

స్తెఫను డబ్బా దింపి తాళంచెవి తిప్పాడు. తిరగలేదు. చెమట తుడుచుకుని మళ్ళీ తిప్పాడు. మూత లేచింది. లోపల చిన్న గడియారం, పసుపు రంగు పేలుడు మందు ముద్ద, రెండు తీగలు. రెండూ ఒకే రంగు.

గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు పక్కనే ఉంది.

'ఎవర్నీ నమ్మొద్దు' అని లియోనా ఎన్నడూ చెప్పలేదు. 'తెలుసుకో' అని మాత్రమే చెప్పింది. బందీగా కూర్చుని, చస్తానని తెలిసి, పదకొండుసార్లు ఆ సూర్యోదయం తప్పు రాసింది. ఎప్పటికైనా ఒకటి అతని కంట పడుతుందని.

రెండు తీగలూ కలిపి పళ్ళతో పట్టుకుని తెంపాడు.

గడియారం ఇంకొక్కసారి కొట్టుకుని ఆగింది. ఎవరో దగ్గారు. ఎవరిదో సద్దిగిన్నె దొర్లింది. తర్వాత, ఏమీ జరగలేదు.

"ఏందన్న అది?" అన్నాడు కుర్ర ఫిల్లర్.

"ఖరాబైన దీపం. నీ పేరేంది?"

"ముత్యం. లాంప్‌రూము సదయ్య కొడుకును."

"పైకి పో. మీ నాయిన చూస్తున్నడు."

* * *

మర్నాడు పొద్దున గోదావరిఖని పోస్టాఫీసు నుంచి ట్రంక్ కాల్ కలిసింది.

"సదయ్య మీద ఏం రాయమంటావు?" అన్నాడు చీఫ్.

"తాళంచెవి గడప దాటించాడని రాయండి సార్. అందుకే మూడు వందల మంది ఇంటికి వెళ్ళారని కూడా."

"సరే. ఆ అమ్మాయి గురించి..." చీఫ్ ఆగాడు. "చాలా విచారంగా ఉంది."

"అంకెల దగ్గర పాళీ లావుగా ఉంది సార్, అవి ఆమె రాసినవి కావు. నేను మొదటే చూశాను."

లైనులో గరగర వినిపించింది.

"ఇంకా నాలుగు ఉత్తరాలు ఆ గెస్ట్ హౌస్‌లో ఉన్నాయి," అన్నాడు చీఫ్. "నీ సెలవు మళ్ళీ మంజూరు చేశాను. వెళ్ళి విశ్రాంతి తీసుకో. వచ్చేటప్పుడు అవి పట్టుకురా."

"అది డ్యూటీ అవుతుంది సార్."

"సముద్రం ఒడ్డున చేసేదాన్ని మా ఆఫీసులో సెలవు అంటారు."

స్తెఫను టెలిగ్రామ్ ఫారం తీసుకుని రాశాడు. 'సామాను చేరింది. విశ్రాంతికి తిరిగి వస్తున్నాను. ఐదో గది, పడమటి వరండా ఉంచండి. కె. జోసెఫ్.'

కౌంటర్లో ఉన్న సుగుణమణి మాటలు లెక్కపెట్టి తలెత్తింది. "ఎంతమందో రాయలేదు సార్. గది ఒక్కరికేనా?"

అతను డబ్బు లెక్కపెట్టి కౌంటర్ మీద పెట్టాడు. హైదరాబాద్‌లో బల్ల మీద వదిలేసిన రెండో కప్పు, లియోనాది, గుర్తొచ్చింది; ఈసారి అదీ పెట్టెలోకి వెళ్తుంది.

"ఫారంలో ఒక్కరనే రాయండి," అన్నాడు. "మిగతాది మేం వెళ్ళాక చూసుకుంటాం."