గేట్లు అడిగిన కంట్రోలర్

బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఆనకట్ట ఇంజనీరు తన కారు తలుపు తీస్తుండగా, ఎదురుగా ఉన్న వ్యాన్ లైట్లు వేయకుండా కదిలింది. ఆయన చెవి దగ్గర ఫోన్ ఉంది. అవతల బావమరిది.

"ఒరేయ్, ఆ వాతావరణం ప్లగిన్ విప్పి చూశాను. వానల లెక్కలు చెప్పాల్సింది, ఆనకట్ట గేట్లు ఎత్తే గేట్ సర్వీస్ కావాలంటోందిరా! దానికి గేట్లతో ఏం పని?"

ఆ తర్వాత బ్రేక్ చప్పుడు వినిపించలేదు. వ్యాన్ డ్రైవర్ బ్రేకే వేయలేదు.

పోలీసులు ఆ చావుని ప్రమాదమని రాసుకుని చేతులు దులుపుకున్నారు. ఆ బావమరిది కీలక వ్యవస్థల భద్రతా విభాగంలో ఏజెంట్. పట్టు పడితే వదలడని అక్కడ అందరూ ముంగిస అంటారు. అక్కని ఇంటి దగ్గర దింపి, అతను నేరుగా చీఫ్ గదిలోకి వెళ్ళాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"గేట్లు అడుగుతున్న ఆ వాతావరణం ప్లగిన్‌కి క్లియరెన్స్ ఇచ్చిందెవరు సార్?"

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నేనే. నెమలి హామీ ఇచ్చింది."

నెమలి అంటే, సర్వర్‌కి అదనంగా తగిలించే ఆ ప్లగిన్‌ని అమ్మిన కంపెనీ ప్రతినిధి. ఆమె నడిచొస్తే కుర్చీలు కూడా తల తిప్పి చూస్తాయని ఆఫీసులో జోకు. సరిహద్దు అవతలి ముఠాలో చేరి మనకి సమాచారం అందిస్తోందని చీఫ్ నమ్మకం. ఆ సమాచారంతో ఇప్పటిదాకా ఒక్క పురుగూ దొరకలేదన్న సంగతి ఆయన బుర్రకి తట్టలేదు.

"మా బావ మీకెన్నిసార్లు మొత్తుకున్నాడు? ప్లగిన్స్ ఫోల్డర్ ధర్మసత్రంలా ఉంది, ఎవరు ఏ లైబ్రరీ తెచ్చి పడేసినా సర్వర్ లోడ్ చేసుకుంటోంది, డిజిటల్ సంతకం కూడా చూడట్లేదని! మీరేమన్నారు?"

చీఫ్ ఏమన్నాడో ఇద్దరికీ తెలుసు. 'చూద్దాం' అన్నాడు.

ఆనకట్టని నడిపే ఆ సర్వర్ లేచినప్పుడల్లా ఫోల్డర్లో ఉన్న ప్రతి లైబ్రరీనీ, అంటే కోడ్ ఫైల్‌నీ తెరిచి, లోపల రిక్వెస్టులు అందుకునే కంట్రోలర్లని తన వెబ్ ఏపీఐ అనే బయటి కిటికీలో కలుపుకుంటుంది. బయటి నుంచి రిక్వెస్ట్ రాగానే కంట్రోలర్‌ని తయారుచేసి, అది ఏ సర్వీస్ అడిగితే ఆ సర్వీస్ తెచ్చి చేతిలో పెడుతుంది. డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు దీన్ని. మంచి పద్ధతే, అడిగేవాడు దొంగ కానంతవరకు.

జలాశయం అంచుల దాకా నిండి ఉంది. గేట్లన్నీ ఒక్కసారిగా లేస్తే దిగువ ఊరు మిగలదు. ముంగిస అక్క ఇల్లు ఆ ఊళ్ళోనే, నది ఒడ్డు వీధిలో ఉంది.

"ఇప్పుడే వెళ్ళి ఆ ఫైల్ పీకేస్తాను."

"వద్దు! సర్వర్ మందగిస్తుందని షిఫ్ట్ మారినప్పుడల్లా రీస్టార్ట్ చేస్తారు. నువ్వన్నదే నిజమైతే, సాయంత్రం రీస్టార్ట్‌లో ఆ ప్లగిన్ మొదటిసారి లోడ్ కాగానే గేట్లెత్తమని ముఠా రిక్వెస్ట్ పంపుతుంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి కావాలి. ఫైల్ మాయమైతే వాళ్ళూ మాయమవుతారు."

"ఊరిని ఎరగా పెడతారా?"

"గేట్లు లేవకుండా చూసుకో. ఎలాగన్నది నీ ఇష్టం."

ముంగిసకి ఒళ్ళు మండిపోయింది. బల్ల మీది పేపర్‌వెయిట్ చేతిలోకి తీసుకుని, ఏమనుకున్నాడో మళ్ళీ అక్కడే పెట్టి బయటికి నడిచాడు.

సాయంత్రం ఆనకట్ట కంట్రోల్ రూమ్‌లోకి ఒక ఏసీ మెకానిక్ వచ్చాడు. టోపీ, నూనె మరకల చొక్కా, భుజాన నిచ్చెన.

"ఈ చలికి దుప్పటి దొరుకుతుందా?" అన్నాడు.

"ఉతకడానికి వేశాం," అన్నాడు ఆపరేటర్. గుర్తు మాట సరిపోయింది, మన మనిషే. "త్వరగా కానివ్వండి, షిఫ్ట్ మారిపోతోంది."

ముంగిస స్క్రూడ్రైవర్ పిడి తిప్పాడు. లోపల పెన్‌డ్రైవ్. అందులో ఉన్నది ఆయుధమూ కాదు, వైరసూ కాదు. సర్వర్‌కీ ప్లగిన్లకీ ఉమ్మడిగా ఉండే లైబ్రరీకి ఒక నకలు. గేట్ సర్వీస్ అంటే ఏమిటో చెప్పే నిర్వచనం దాన్లోనే ఉంటుంది. అది సర్వర్ దగ్గర ఒక్కటే ఉండాలి. ప్లగిన్ ఫోల్డర్లో కూడా ఒకటి పెడితే, ప్లగిన్ దాన్నే వాడుకుంటుంది. అప్పుడు అది అడిగే గేట్ సర్వీస్ వేరు, సర్వర్ దగ్గరున్నది వేరు. ఒకే పేరున్న ఇద్దరు మనుషుల్లాగా; సర్వర్ ఎంత వెతికినా ప్లగిన్ అడిగినవాడు దొరకడు. బావ ఒకసారి ఈ పొరపాటే చేసి, వారమంతా తిండి సయించక జుట్టు పీక్కున్నాడు. తర్వాత అందరికీ చెప్పి తనే పడీపడీ నవ్వాడు.

ముంగిస పెన్‌డ్రైవ్‌ని సర్వర్‌కి గుచ్చాడు. కాపీ మొదలైంది. తలుపు తెరుచుకుంది.

"ఏసీ బాగానే ఉందిగా, ముంగిసా?" నెమలి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "నువ్వు ఆ ఫైల్ చెరిపేస్తావేమోనని వచ్చాను. చేతులెత్తు. నువ్వు, రీస్టార్ట్ నొక్కు!"

ఆపరేటర్ ముంగిస వైపు చూశాడు. తెర మీద కాపీ గీత ఇంకా చివరికి రాలేదు.

"నొక్కమన్నానా!"

గీత చివరంటా వెళ్ళి మాయమైంది. అదే క్షణంలో ఆపరేటర్ వేలు దిగింది. సర్వర్ పడుకుని లేచింది. వాతావరణం ప్లగిన్ లోడైంది. నెమలి ఫోన్లో, "పంపండి," అంది.

ముంగిస కళ్ళముందు అక్క ఇంటి గడప మెదిలింది.

తెర మీద ఎర్ర అక్షరాలు. ఎర్రర్ 500: ఈ కంట్రోలర్ అడిగిన గేట్ సర్వీస్ దొరకలేదు.

"మళ్ళీ పంపండి! మళ్ళీ!" నెమలి అరుస్తోంది. వాళ్ళు పంపుతూనే ఉన్నారు. పంపిన ప్రతిసారీ వాళ్ళ చిరునామా చీఫ్ పెట్టించిన ట్రేస్‌లో తేటపడుతోంది. ఆమె ఒక్క క్షణం తెర వైపు తిరిగింది. ముంగిస ఆమె మణికట్టు మెలిపెట్టి పిస్టల్ లాక్కున్నాడు. కాల్చేయాలనిపించింది. నిజంగానే అనిపించింది. ఆపుకున్నాడు.

"ఏం చేశావు?"

"మా బావ చేసిన తప్పే చేశాను. మీరు చంపారే, ఆయన."

సరిహద్దు దాటొచ్చి ఆనకట్ట ఎగువన ఒక గోడౌన్లో దాక్కున్న ముఠా మొత్తం దొరికింది. బంపర్ సొట్టపోయిన వ్యాన్ కూడా అక్కడే ఉంది.

మర్నాడు, సంతకం లేని ఏ లైబ్రరీనీ లోపలికి రానివ్వకుండా ముంగిస దగ్గరుండి సర్వర్‌ని కట్టుదిట్టం చేయించాడు. గంట తిరక్కుండా చీఫ్ ఫోన్ చేశాడు.

"ఏమిటయ్యా, రోజూ పొద్దున నా సందేశం చూపించే ప్లగిన్ కూడా ఆగిపోయింది?"

"సంతకం లేదు సార్."

"అది నేను చెప్పి పెట్టించిందయ్యా!"

"వాతావరణం ప్లగినూ మీరు చెప్పి పెట్టించిందే సార్," అన్నాడు ముంగిస. "దాని గురించి మా అక్కకి మీ సందేశమేమిటో చెప్పండి. అది నేను స్వయంగా అందిస్తాను."