మూడోసారి అడిగేలోపు

ఎవరెట్ హకాలాని గురువారం పొద్దున చంపేశారు. గడ్డకట్టిన సరస్సు మీద చిన్న గుడిసె వేసుకుని, మంచుకి కన్నం పెట్టి, చేపల కోసం కూర్చున్నాడు పాపం. ఫ్లాస్కులో కాఫీకి ఎవరో విషం కలిపారు. పాపమని నోరు జారింది గానీ, వాడేం మంచివాడు కాదు.

మర్నాడు డులూత్ నగరంలోని నిఘా ఆఫీసులో పైఅధికారి లిండ్‌క్విస్ట్ తన గూఢచారి ఐలాని పిలిపించాడు.

"హకాలా మన పందొమ్మిది మంది ఏజెంట్ల పేర్లు దొంగిలించాడు. అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ బోర్డులోకి ఎక్కించాడు. వేరే కాపీ లేదు."

"బోర్డు ఎక్కడుంది సార్?"

"ఆ సరస్సు పక్క ఊళ్ళో, చర్చి కింది గదిలో. అక్కడ శనివారాలు కొత్తవాళ్ళకి బోర్డుల మీద ప్రోగ్రామ్ రాయడం నేర్పుతారు. వాళ్ళ డబ్బాలో మిగతా వాటితో కలిపేశాడు. మూల మీద కాలిన మచ్చ ఉంటుంది. రేపు మిరేలా వచ్చి తీసుకుంటుంది."

"మిరేలా మన మనిషి కదా?"

"సోమవారం నుంచి శుక్రవారం దాకా. శని, ఆదివారాలు హకాలా పనిచేసిన ముఠా మనిషి. నిన్నెప్పుడూ చూడలేదులే."

"నేనే ముందు పట్టుకొచ్చేస్తా."

"వద్దు. బోర్డు మాయమైనా, విరిగినా, లోపలివాళ్ళెవరో ఉప్పందించారని ముఠాకి తెలిసిపోతుంది. అందించింది మీ రూబెన్."

రూబెన్ ఐలా తమ్ముడు. ఆరేళ్ళుగా ముఠాలో వంటవాడిగా ఉన్నాడు. చిన్నప్పుడు మూడు జతల మేజోళ్ళు తొడిగితే గానీ బడికి కదిలేవాడు కాదు, చలంటే అంత భయం. భర్త పోయిన దగ్గర్నుంచీ ఐలాకి ఏ మాటా లోపలికి దిగట్లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో, ఆవిడ గుండె అలా ఉంది. తమ్ముడి పేరు విన్నా అంతే.

"మరేం చెయ్యమంటారు?"

"కొత్తవాళ్ళంతా మొదట ఎక్కించేది ఒకటే ప్రోగ్రామ్‌ట. బోర్డు మీది చిన్న దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. అది ఎక్కితే లోపలున్న పాతది చెరిగిపోతుంది. నువ్వు నేర్చుకోవడానికి వచ్చావు. పొరపాటున చెరిపావు."

"నాకు టీవీ రిమోటే సరిగ్గా రాదు సార్."

"అందుకే నిన్ను పంపిస్తున్నా."

చాటు మాటలు వినే కళ్ళజోడు, మత్తు చల్లే లిప్‌స్టిక్, ఒక ల్యాప్‌టాప్, బోర్డుకి తగిలించే కేబుల్ ఉన్న సంచీ చేతిలో పెట్టాడు.

శనివారం పదింటికి ఐలా నెరిసిన విగ్గు, దుప్పి బొమ్మల స్వెట్టరుతో చర్చి మెట్లు దిగింది. మిరేలా అప్పటికే వచ్చేసింది. నక్కతోలు టోపీ, ఎర్రటి పెదాలు. గదిలో మగాళ్ళంతా ఊరికే గొంతులు సవరించుకుంటున్నారు.

నేర్పే ఆయన ఆర్నీ. నలభై ఏళ్ళు ఖనిజం ఓడల రేవులో ఎలక్ట్రీషియన్. బోర్డులు పోసిన పాత బిస్కెట్ల డబ్బా మూత తీసి, "తీసుకోండి తల్లీ, సిగ్గుపడకండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆ ఊళ్ళో ముందుగా చెయ్యి పెట్టడం పెద్ద తప్పు. ఊరి పద్ధతులన్నీ బట్టీ పట్టి వచ్చిన మిరేలా కూడా చేతులు కట్టుకు నిలబడింది. ఐలా సరాసరి చెయ్యి పెట్టి మచ్చ బోర్డు లాగేసింది.

"ఏ ఊరావిడో!" అంది వెనక ఒకామె.

మిరేలా వచ్చి పక్కనే కూర్చుంది. "అక్కా, నీ బోర్డు కాలిపోయినట్టుందే. నాది తీసుకో."

"అబ్బే, నీకెందుకమ్మా శ్రమ."

ఒకటి. ఆ ఊళ్ళో ఏదిచ్చినా రెండుసార్లు వద్దనాలి, మూడోసారి పుచ్చుకోవాలి. మూడోసారీ వద్దంటే మొహం మీద కొట్టినట్టే.

ఐలా కేబుల్ గుచ్చింది. బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. కంప్యూటరులో మాత్రం బోర్డు పేరు లేదు. పీకి, మళ్ళీ గుచ్చింది. లేదు.

"మొండికెయ్యకక్కా. ఇలా ఇచ్చెయ్యి."

"పోనీలేమ్మా, నేర్చుకునేదానికి ఏదైతేనేం."

రెండు.

ఆర్నీ వచ్చి కేబుల్ ఎత్తి చూసి పకపకా నవ్వాడు. "ఇది ఫోను చార్జి చేసేది తల్లీ! దీన్లో కరెంటు పోతుంది, మాట పోదు. మా అత్తగారిలాగే, అన్నం పెడుతుంది గానీ పలకరించదు." తన జేబులోంచి వేరేది తీశాడు. "బోర్డు మీది ఈ చిన్న మీట నొక్కిపట్టి గుచ్చు, అప్పుడు వింటుంది."

పేరు కనబడింది. ఐలా దాన్ని ఎంచుకుని అప్‌లోడ్ నొక్కింది. తెర మీద గీత పాకుతోంది. పది శాతం. ముప్ఫై.

మిరేలా లేచి నిలబడింది. తన బోర్డు ఐలా ముందు పెట్టి, గదంతా వినబడేలా, "మూడోసారి అడుగుతున్నానక్కా. మార్చుకుందాం" అంది.

వెనక బల్ల దగ్గర అందరికీ కేకు కోస్తున్న చేతులు ఆగిపోయాయి. అందరూ ఇటే చూస్తున్నారు. యాభై.

"ఇంత ప్రేమగా అడిగితే కాదంటానా!" అంటూ ఐలా మిరేలా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఎంత మెత్తటి చెయ్యమ్మా! ఏం రాస్తావు? మీ అమ్మ బాగుందా? మోకాళ్ళ నొప్పులేం లేవు కదా?"

డెబ్భై. ఎనభై.

"బాగుందక్కా, వదులు."

"టోపీ నువ్వే కుట్టావా?"

మిరేలా చెయ్యి లాక్కుని మచ్చ బోర్డు మీద వేలు పెట్టింది. సరిగ్గా ఆ వేలి కిందే దీపం వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

"మొదటి దీపం!" అని ఆర్నీ అరిచాడు. గదంతా చప్పట్లు. మిరేలాకీ కొట్టక తప్పలేదు.

"నా వల్ల ఏదైనా పాడైందా అమ్మా?"

మిరేలా ఆ స్వెట్టరునీ, ఆ తెల్లమొహాన్నీ ఎగాదిగా చూసింది. "ఏం లేదు ముసలమ్మా" అని గబగబా మెట్లెక్కిపోయింది.

గంట తర్వాత కారులో ఫోను మోగింది.

"రూబెన్ క్షేమం. ఎవరో చేతకాని ముసలావిడ చెరిపేసిందని ముఠావాళ్ళు తిట్టుకుంటున్నారట" అన్నాడు లిండ్‌క్విస్ట్.

"మంచిది సార్." లోపల ఏదైనా కదులుతుందేమోనని ఐలా కాసేపు ఆగి చూసింది. ఏమీ కదల్లేదు. కారు అద్దం మీది మంచు గీకింది.

"అంత చేతకానిదానిలా ఎలా నటించావు?"

"నటించే పని పడలేదు సార్. ఆఫీసు ఇచ్చిన కేబుల్ సరిపోయింది."